కుదురు తగలని చోట

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మేజర్ గారితో ఆ ఒక్క మాట అనే ముందు, బండి వెనక నిలబడి దాన్ని లోలోపల నాలుగుసార్లు చెప్పుకున్నాను.

తుఫాను దాటిన మరునాడు ఉదయం మైపాడు చేరాం. గాలి ఇంకా తగ్గలేదు. తడి ఇసుక మీద టార్పాలిన్ గుడారం, మూడు మంచాలు, రెండు మందుల పెట్టెలు. నేను సైన్యంలో నర్సింగ్ లెఫ్టినెంట్‌ని. జట్టులో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. సర్జన్ మేజర్ గారి ఆర్డరు: గాయాలు ముందు, మిగతావి తర్వాత.

మధ్యాహ్నం చేపలమ్మే మరియమ్మక్క కాలికి కట్టు కోసం వచ్చింది. ఆమె కొడుకూ జవానే. తల మీది కొంగు జారితే ఎడమ చెవి పైన గడ్డ కనిపించింది. ఎర్రగా, చెమ్మగా ఉంది. అడిగితే నవ్వేసింది.

"గంప మోసి మోసి కాయ కాసిందిలేమ్మే. మాలో ఎవురికి లేదు?"

మా అవ్వ కూడా ఇందుకూరుపేట వీధుల్లో గంప మోసింది. ఆమె తల దువ్వింది నేనే. గంప కింద పెట్టుకునే గుడ్డ కుదురు నడినెత్తిన కూర్చుంటుంది. చెవి దాకా రాదు.

"సార్, ఆ గడ్డ ఉన్నచోట కుదురు తగలదు," అన్నాను.

మేజర్ గారు ఆ గడ్డను దగ్గరగా చూశారు. గడ్డలేమైనా ఉన్నాయేమోనని ఆమె మెడ తడిమారు. వైర్‌లెస్ ఆపరేటర్ చెన్నైలోని మా సైనిక ఆసుపత్రికి చెప్పాడు: "జవాను తల్లి. రేపటి బండిలో వస్తోంది."

ముక్క తీసి పరీక్షిస్తే చెమట గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ అని తేలింది. చాలా అరుదు. పైకి చిన్నగానే ఉంటుంది, చర్మం కింద పాకుతుంది. మెడకు పాకలేదని స్కానింగ్‌లో తెలిసింది. మరియమ్మక్క భయం వేరే. కోస్తే మళ్లీ గంప ఎత్తగలనా అని అందరినీ అడిగింది.

ఆపరేషన్‌లో పరికరాలు అందించింది నేనే. కోసిన ముక్క అంచులకు ఏది ఏ వైపుదో తెలిసేలా రంగు పూసి ల్యాబ్‌కు పంపి, గాయం మూయకుండా ఎదురుచూశాం. వెనక అంచులో క్యాన్సర్ ఇంకా ఉందని ల్యాబ్ నుంచి ఫోను. మరికాస్త కోశారు. మళ్లీ పంపాం.

"అంచులన్నీ శుభ్రం," అన్నాడు ల్యాబ్ డాక్టరు.

తొడ నుంచి తీసిన పలుచని చర్మంతో గాయం మూశారు. మాస్కు తీస్తూ మేజర్ గారు, "పట్టుకుంది నువ్వు, లెఫ్టినెంట్," అన్నారు. తల దించుకున్నాను. నా డైరీలో ఆ తేదీ కింద ఆ మాట ఒక్కటే ఉంది. అతికిన చర్మం మీద మాత్రం ఎప్పటికీ బరువు పడకూడదని ఆయన షరతు.

సర్వీసు ముగించుకుని ఊరికి వస్తూ మైపాడులో దిగాను. రేవులో మరియమ్మక్క కనిపించింది. నన్ను చూసి గుడ్డ చుట్టి నడినెత్తిన పెట్టుకుంది. గంప ఎత్తుకుంది. ఎడమ చెవి నా వైపు తిప్పి కొంగు తొలగించింది. కుదురుకు బెత్తెడు కింద, వెంట్రుకలు లేని నున్నటి చర్మం ఎండలో మెరుస్తోంది. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది.

"చూడు పాపా, యాడా తగల్లా," అంది.