విన్నీ వెతికిన గేటు

తోర్‌బీ మూర్ మీద వినిఫ్రెడ్ ఆగర్‌కు, అంటే ఊరందరి విన్నీకి, తెలియని రాయి లేదు. ఆ మాట అన్నది మరెవరో కాదు, ఆవిడే. ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాల సంచి భుజాన వేసుకుని ఆ బీడు దాటి, అవతల విసిరేసినట్టున్న ఇళ్ళకు టపా పంచింది. రిటైరయ్యాక కాళ్ళు ఊరుకోక, ప్రతి శనివారం జనాన్ని వెంటేసుకుని తిప్పడం మొదలుపెట్టింది. హెదర్ పొదల్లో కర్లూ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో, ఏ గుంత పాత గనివాళ్ళదో, ఏ దిబ్బ కింద ఎన్నాళ్ళనాటి సమాధి ఉందో చెబుతూ నడిపిస్తుంది. ఆవిడ చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. ఒకసారి చర్చి ఫాదర్‌కే చీవాట్లు పడ్డాయి.

అలాంటి మనిషికి ఆ జూన్‌లో ఊరి హాల్లో జరిగిన విచారణలో అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

మూర్‌ను కొత్తగా కొన్న ఆసామి గ్రౌస్ పక్షుల వేట కోసం ఊరి వైపంతా కంచె వేయిస్తానన్నాడు. అక్కడ పాత దారి ఉందని రుజువైతేనే కంచె ఆగుతుంది, లేకపోతే శనివారం నడకలకు నీళ్ళొదులుకోవాల్సిందే. ఆవిడ టపా మోసిన ఏళ్ళు లెక్కలోకి రావట, అది పాత యజమాని దయతల్చి ఇచ్చిన అనుమతేనట. ఇక మిగిలింది ఒక్క ఆధారం, రెండు వందల ఏళ్ళనాటి చర్చి పుస్తకం. ఊరివాళ్ళకు 'సాల్టర్ గేటు మీదుగా' సంతకు పోయే హక్కుందని అందులో రాసి ఉంది. సాల్టరంటే ఉప్పు అమ్ముకునేవాడు. అతగాడి గేటు కోసం విన్నీ మూడేళ్ళుగా మూర్ అంతా గాలించింది.

"గేటన్నారు కదా మేడమ్, దాని స్తంభాలేవి?" అన్నాడు ఆసామి తరఫు లాయరు. "పోనీ, తలుపు బందు ఒక్కటైనా చూపించండి."

"ఇంకా దొరకలేదు."

"అయితే అది ఇంకెక్కడి గేటో అయ్యుంటుంది."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. విచారణకు వచ్చిన అధికారి పెల్, మర్నాడు పొద్దున స్వయంగా నడిచి చూసి తేలుస్తానన్నాడు.

బయట గోడ మీద ఆంబ్రోస్ డౌసన్ కూర్చుని ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళ గొర్రెల కాపరి.

"ఏమే విన్నీ, మొహం అలా వేలాడేశావేం?"

"గేటు దొరకలేదు బాబాయ్."

"దొరక్కపోవడమేంటే? చిన్నప్పుడు గేటు మీద గొర్రెల్ని తోల్లేదూ నేను!"

"గేటు మీద తోలడమేంటి? గేటులోంచి తోలతారు."

"నీ చదువు తగలెయ్య! తెరిచి మూసేదాన్ని మనవాళ్ళు ఏమంటారే?"

"యాట్."

"మరి గేటంటే?"

"గేటుకి అడ్డం లెయ్యవే!" అని వంటింట్లో కసిరే అమ్మమ్మ విన్నీకి గుర్తొచ్చింది. ఆ వంటింటికి గేటెక్కడిది? ఊరి పాత యాసలో గేటంటే దారి. బళ్ళో 'యాట్' అన్నప్పుడల్లా టీచరమ్మ బెత్తం పుచ్చుకుని 'గేటు' అనిపించింది. ఆ దెబ్బలతో అసలు మాట కాస్తా బుర్రలోంచి జారిపోయింది.

"హాల్లో ఉన్నప్పుడు చెప్పొచ్చుగా ముసలోడా!"

"నన్నెవరడిగారు?"

తన మీద తనకు ఒళ్ళు మండింది. అయినా ఆ పూట భోజనం చేసి హాయిగా పడుకుంది. దారి అయితే అదెక్కడుందో ఆవిడ కాళ్ళకు తెలుసు. ఎంత వానలోనైనా బూటు దిగబడని చోటు ఒకటుండేది. ఏదో గట్టి నేల అనుకుని దాని మీదే టపా మోసింది.

పొద్దున సగం ఊరు కదిలింది. విన్నీ చేతిలో ఇనుప చువ్వ, పార.

"నా వెనకే అడుగులో అడుగేసి రండి," అంది. "పక్కకు పోయారో, బూట్లు మూర్‌కి సమర్పించుకున్నట్టే."

లాయరు మాట వినలేదు. రెండడుగులు ఎడమకు వేసి మోకాలి దాకా నల్ల బురదలో కూరుకుపోయాడు. ఇద్దరు పట్టుకుని లాగారు. నవ్వొద్దని ఎవరు మాత్రం ఎవరికి చెబుతారు?

విన్నీ చువ్వ గుచ్చింది. జానెడు దిగి టక్కుమంది. అడుగు ముందుకేసి గుచ్చితే మళ్ళీ టక్కుమంది. పారతో హెదర్ వేళ్ళను చాపలా లేపి మట్టి తుడిచింది. కింద రాతి పలక బయటపడింది, మధ్యలో నడిచి నడిచి అరిగిపోయిన పలక. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి, అన్నీ సంత వైపే.

పెల్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ అరుగుదలను అరచేత్తో తడిమాడు. "గేటంటే దారేనని రుజువేంటి?"

విన్నీ చర్చి పుస్తకం నకలు తీసింది. "అదే చేతిరాతలో చూడండి సార్. 'చర్చి యాట్ తలుపు ఊడింది, బిగించాలి.' తలుపుకి ఒక మాట, దారికి ఇంకో మాట."

ఆయన రెండుసార్లు చదివి లేచాడు. "ఇది ఊరి దారి. కంచె వేయడానికి వీల్లేదు."

జనం గోల చేశారు. లాయరు బురద దులుపుకుంటూ, "ఇంత తెలిసినావిడ మూడేళ్ళూ ఎక్కడ వెతికారో!" అన్నాడు.

"దీని మీద నిలబడే వెతికాను బాబూ," అంది విన్నీ.