మడిలో దిగిన మరమనిషి

కోవూరులో నన్ను ఇప్పటికీ ‘నాటిన అల్లుడు’ అనే అంటారు. ఎందుకో చెప్తా, టీ తాగుతూ వినండి. నవ్వారంటే మాత్రం మధ్యలో ఆపేస్తా!

అప్పట్లో నేను నెల్లూరులో సైన్సు మేష్టర్ని. కొత్తగా పెళ్లయింది. ఒక వారపత్రికకి కథ పంపాను. రాబోయే కాలంలో యుద్ధం. ట్యాంకులన్నీ పాత ఇనప సామాను కొట్టుకి పోయాయి. వాటి బదులు తాటిచెట్టంత మరమనుషులు తలపడుతుంటారు. ఎడిటర్ గారు తిప్పి పంపారు. “ట్యాంకు ఉండగా కాళ్లున్న యంత్రం దేనికి? నమ్మించండి, వేసుకుంటాం” అని చీటీ. మా ఆవిడ సుశీలేమో, కథ అచ్చవుతోందని అప్పటికే పుట్టింటికి ఉత్తరం రాసేసింది! ఇక నా పరువంతా ఆ కథ మీదే ఉంది.

ఆ ఆదివారం కోవూరులో అత్తగారింటికి వెళ్లాం. మామగారి మడిలో నాట్లు. పక్క చేలో ఎవరిదో కొత్త ట్రాక్టరు బురదలో కూరుకుపోయి ఉంది. ఎగిరి గంతేశాను!

“చూశారా మామగారూ! ట్యాంకు గతీ ఇంతే. అదే కాళ్లయితేనా, దిగిన కాలు పీక్కుని ఇంకో అడుగేస్తుంది.”

మామగారు నోట్లో చుట్ట తీసి, “అంత బరువు రెండు కాళ్ల మీద పెడితే దిగబడిపోదా అల్లుడూ?” అన్నారు.

బడి మొహం చూడని ఆయనకేం తెలుసులే అనుకున్నా. పందిరి కోసం తెచ్చిన సరుగుడు కర్రలు రెండింటికి మెట్లు కట్టించి ఎక్కాను. చిన్నప్పుడు కొయ్యకాళ్ల మీద పరుగులు పెట్టినవాణ్ణే కదా! గట్టు మీద బ్రహ్మాండంగా నడిచాను. నాట్లేసే ఆడవాళ్లు చేతిలో నారు మరిచిపోయి చూస్తున్నారు. సుశీల “వద్దండీ, వద్దండీ” అంటోంది. ఇంకా నాటని వైపు మడిలోకి దిగాను. ఒక అడుగు. రెండో అడుగు. మూడోది లేదు!

కర్రలు మోకాలి లోతు దిగాయి. పీకితే రావు. ఇటు ఊగాను, అటు ఊగాను, ధబ్బున కూలబడ్డాను. నడుందాకా బురద!

“ఓయమ్మా! నారుతో పాటు అల్లుడుగారిని గూడా నాటేసినామే!” అందొకామె. మడి మడంతా నవ్వు. సుశీల సైతం కొంగు నోట్లో కుక్కుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మామగారు మాత్రం నవ్వలేదు. మడి చదును చేసే వెడల్పాటి చెక్కకి ఎద్దుల్ని కట్టి, దాని మీద నిలబడి తోలుకొచ్చారు. చెక్క బురద మీద జారుతూ వచ్చింది గానీ అంగుళం దిగలేదు!

“ఎక్కు అల్లుడూ” అన్నారు.

బరువు పరుచుకుంటే దిగబడదు. బడిలో ఏటా ఆ పాఠం చెప్పేది నేనే!

కథ తిరగరాశాను. మరమనిషి బురదలో కూరుకుపోయి, తనంతట తనే లేచి, శత్రువుల్ని చితక్కొడతాడు. ఎడిటర్ గారి నుంచి మళ్లీ చీటీ. “కూరుకుపోవడం కళ్లకి కట్టినట్టుంది. లేవడమే నమ్మేట్టు లేదు.”

ఇంకేం చేస్తాను? ఎద్దుల్ని పెట్టి లాగించాను. వెంటనే అచ్చయింది, బొమ్మతో సహా! సుశీల పరుగున పట్టుకెళ్లి వాళ్ల నాన్నకి చూపించింది. వెనకే నేనూ వెళ్లాను.

మామగారు బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. “ఎద్దులు బాగా కుదిరినాయి. ఆ ఇనప మనిషికే, నీ పోలిక రాలేదల్లుడూ!”