రూత్ మేడమ్ నిలబెట్టిన కమాను

ఈ ఉదయం పక్కింటివాళ్ళు ప్రహరీకి వెల్ల వేయిస్తుంటే తడి సున్నం వాసన మా వంటగదిలోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలలేకపోయాను. ఆ వాసన తగిలితే నాకు రూత్ మేడమ్ గుర్తొస్తారు. రాయ్‌పూర్ తెలీబంధాలో ఆవిడది చిన్న ఇంజనీరింగ్ ఆఫీసు. తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. చదువు అయ్యాక నేను మొదట చేరింది ఆవిడ దగ్గరే.

మందిర్ హసౌద్ దాటి ఇంకా లోపలికి వెళితే ఓ చిన్న ఊరు. అక్కడి పోస్టాఫీసు బ్రిటిషువాళ్ళ కాలం నాటిది. గుమ్మం మీది ఇటుక కమాను నిలువునా బీటలు వారింది. కట్టడం కూల్చాలో, ఉంచాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. కూల్చడమే తేలిక కదా అనుకుంటూ వెళ్ళాను. మండే ఎండలోంచి లోపల అడుగు పెట్టగానే ఒళ్ళంతా చల్లబడింది. చేతులు చాచినా అందనంత మందం గోడలు. తల పూర్తిగా వెనక్కి వాలిస్తే గానీ కనిపించని కప్పు. దాని కింద వరసగా గవాక్షాలు. వాటిలోంచి దిగిన వెలుతురు సరిగ్గా ఉత్తరాలు వేరుచేసే బల్ల మీద పడుతోంది. కరెంటు లేదు. ఆ సంగతి అక్కడ ఎవరూ పట్టించుకున్నట్టే లేదు.

"చూశావా అమ్మా? ఎండని బయటే ఆపేసి, వెలుతురుని మాత్రం లోపలికి రానిచ్చాడు కట్టినోడు," అన్నారు మేడమ్, చర్చిలో మాట్లాడినంత మెల్లగా.

పోస్ట్‌మాస్టర్ బెంగగా దగ్గరికొచ్చాడు. "గిరానా పడేగా క్యా, మేడమ్‌జీ?"

కూల్చాలో లేదో తర్వాత చెబుతానని, ముందు కమానుని మోస్తున్న ఒక స్తంభం మొదట్లో తవ్వించారు మేడమ్. పగిలిన గొట్టంలోంచి ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగి, ఆ ఒక్క స్తంభం కింద నేల కుంగింది. కమాను తప్పేమీ లేదు. పునాది గట్టిచేయించి, కమాను కింద కలప ఊతాలు పెట్టించి, వదులైన ఇటుకలు తీసి సున్నంతో మళ్ళీ పేర్పించారు.

సున్నం బాగా గట్టిపడ్డాక ఊతాలు తీసే రోజు వచ్చింది. ఊరివాళ్ళు రోడ్డు మీద గుమిగూడారు. మేడమ్ వెళ్ళి సరిగ్గా కమాను కింద నిలబడ్డారు.

"హట్ జాయియే, మేడమ్!" అంటూ పక్కకి తప్పుకోమని మేస్త్రీ అరిచాడు.

"లెక్క నాది, నేనుండాలి," అన్నారు ఆవిడ. తర్వాత నావైపు తిరిగారు. "సగం లెక్క నువ్వూ వేశావు కదమ్మా. భయమైతే అక్కడే ఉండు, ఏమీ అనుకోను."

భయమేసింది. అయినా వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఒక్కో ఊతాన్నీ సుత్తితో మెల్లగా వదులు చేశారు. ఎక్కడో టక్కుమంది. కాస్త దుమ్ము నా భుజం మీద రాలింది. చివరి కలప కూడా బయటికి వెళ్ళాక తలెత్తి చూశాను. అంత బరువూ ఏ ఆసరా లేకుండా, ఒక ఇటుకని ఇంకో ఇటుక పట్టుకుని, మా తలల మీద నిశ్శబ్దంగా నిలిచి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

గుంపులోంచి ఒక ముసలమ్మ చేతిలో కవరుతో వచ్చి, పైకి చూడనైనా చూడకుండా కమాను కిందనుంచి లోపలికి వెళ్ళిపోయింది. మేడమ్ మొహం వెలిగిపోయింది. "అదీ! అలా చూడకుండా వెళ్ళాలి జనం. మన పని అదేనమ్మా."

మేడమ్ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఉర్లాలో ఫ్యాక్టరీ షెడ్డుల కప్పులు పరిశీలించి సంతకం పెట్టే ఉద్యోగం నాది. తొందరపెట్టేవాళ్ళు ఉంటారు, కేకలేసేవాళ్ళూ ఉంటారు. కలం తీసే ముందు వెళ్ళి ఆ కప్పు కింద కాసేపు నిలబడతాను. నా కాళ్ళు నిలవని చోట సంతకం పెట్టను.