నోట్లో నువ్వుగింజ

డాక్టరు వారం గడువిచ్చాడు. స్వరపేటిక తీసేస్తే బతికే అవకాశం ఉందట. ఉంచుకుంటే ఎన్నాళ్ళో తను చెప్పలేనన్నాడు. తీసేస్తే ఇక మాట ఉండదు. నేను విజయవాడలో పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర చెప్పి బతికినవాణ్ణి. మైకు పాడైన రోజు కూడా వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు నాది. దాన్ని కోసి తీసేస్తామంటే నేనెందుకు ఒప్పుకోవాలి? పోతే మాటతోనే పోతాను, మూగవాడిలా మంచం పట్టి ఉండలేనని ఇంట్లో చెప్పేశాను. మా ఆవిడ వాదించలేదు. ఎవరూ తెలియని చోట రెండు రోజులు ఒక్కడివీ కూర్చుని రా, అప్పటికీ అదే అనిపిస్తే సోమవారం డాక్టరుకు అదే చెబుదాం అంది. వచ్చేటప్పుడు ఫోనులో నా గొంతు కాస్త రికార్డు చేసి తెమ్మని కూడా అంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు.

అనకాపల్లి ఎందుకంటే, నేను పుట్టింది ఆ చుట్టుపక్కలే, తుమ్మపాల దాటాక ఒక చిన్న ఊళ్ళో. కాలేజీ చదువుకి విజయవాడ వచ్చినవాణ్ణి అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు ఆ వైపు మావాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. గుర్తుపట్టే మనిషి ఉండడు గనక పలకరింపులుండవు, నోరు విప్పే పనుండదు. కొండకర్ల ఆవని చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఊరి పక్కన పెద్ద మంచినీటి సరస్సు, చలికాలం పక్షులొస్తాయి. కూర్చోడానికి అంతకంటే మంచి చోటు తోచలేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి బండెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పూర్తిగా గొంతుకి విశ్రాంతి ఇమ్మని డాక్టరు ఆర్డరు. అందుకని ఫోనులో పెద్దక్షరాలతో 'గొంతు జబ్బు, మాట్లాడకూడదు' అని రాసిపెట్టుకున్నాను. ఏలూరులో ఎదురు సీటులోకి ఒక పెద్దావిడ వచ్చింది. పలకరిస్తే ఫోను చూపించాను. కళ్ళజోడు సంచిలో ఎక్కడో ఉందట, వెతకలేదు.

"మౌనవ్రతమా బాబూ? మంచిదండి. మా మోకాళ్ళ గురించి కూడా ఓ దణ్ణం పెట్టుకోండి," అంది.

సామర్లకోటలో దిగేదాకా ఆవిడ వచ్చేపోయేవాళ్ళందరికీ నా వ్రతం గురించి చెప్పింది. ఒకాయన నాకు చేతులెత్తి నమస్కారం కూడా పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మామూలుగానైతే ఆ పెట్టెలో జనాన్ని అరగంటలో నా చుట్టూ కూర్చోబెట్టుకునేవాణ్ణి. ఆవిడ మోకాళ్ళ కథ నా నోట్లో పడితే మర్నాడు క్లాసులో అది జోకై పేలేది. నా సంగతి అంతే, విన్నది విన్నట్టు ఎవరికో ఒకరికి చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు. నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది.

పదకొండు దాటాక అనకాపల్లిలో దిగాను. స్టేషన్ బయటే లాడ్జి. గుమాస్తా ఫోను చదివి, జాలిపడి, కింద గది ఇచ్చాడు. వేడినీళ్ళు పొద్దున మాత్రమే వస్తాయి, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. గదిలోకి కూడా బెల్లం వాసన వస్తూనే ఉంది. పక్క హోటల్లో ఇడ్లీ తెప్పించుకున్నాను. ముద్ద దిగడానికి ప్రతిసారీ కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. సగం వదిలేశాను.

భోజనాల వేళకి అచ్యుతాపురం వైపు వెళ్ళే బస్సెక్కి, హరిపాలెంలో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో కొండకర్ల చేరాను. దారి పొడవునా చెరుకు. ఆవ గట్టున ఒక టీ బడ్డీ, నాలుగైదు దోనెలు. ఇక్కడి దోనె అంటే రెండు తాటి మొద్దుల్ని తొలిచి, పక్కపక్కన కట్టేస్తారు. మనిషి మధ్యలో ఒదిగి కూర్చోవాలి. నీళ్ళు కనిపించినంత మేరా సగం ఆకులూ నాచూ. దూరంగా తెల్ల కొంగలు కాక, పేర్లు తెలియని బూడిదరంగు పక్షులు చాలా ఉన్నాయి.

గట్టు మీద తుండు పరుచుకుని కూర్చున్నాను. ఇక నాలోకి నేను చూసుకోవాలి, అందుకే కదా వచ్చాను. పెద్దవాళ్ళు చెబుతారు కదా, మాట ఆగితే లోపలి మనిషి పలుకుతాడని. సరే, పలకమన్నాను. మొదట పలికింది శాతవాహనుల పాలనా విధానం. తరువాత కాకతీయులు. ఆ తరువాత ఎప్పుడూ పేలే నాలుగు జోకులు వరసగా వచ్చాయి, ఏ జోకు దగ్గర పిల్లలు ఎంతసేపు నవ్వుతారో దానితో సహా. పొద్దువాలేదాకా ఇదే వరస. నిజం చెప్పొద్దూ, భయం వేసింది. ఇన్నేళ్ళూ ఈ గొంతు వెనక ఒక మనిషి ఉన్నాడనుకున్నాను. తలుపు తీసి చూస్తే ఖాళీ గది, అందులో నా క్లాసు రికార్డు తిరుగుతూ ఉంది. గొంతు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? ఆపరేషన్ వద్దన్న నా మాటే సరైనదని ఆ సాయంత్రం ఇంకా గట్టిగా అనుకున్నాను.

లేచేటప్పుడు టీ బడ్డీ ఆవిడకి ఫోను చూపించి, వేడినీళ్ళు ఇమ్మని సైగ చేశాను. ఆవిడ దాన్ని చదవలేదు, చదవలేనని చెప్పనూ లేదు. గ్లాసు అందిస్తూ పక్కనున్న దోనె మనిషితో, "పాపం, సూత్తే పెద్దింటోడిలాగున్నాడు. నోరు నేదు," అంది. అతను నన్ను ఎగాదిగా చూసి, మూగోడికి చెవులు కూడా ఉండవని తేల్చేశాడు. వినిపిస్తుందని సైగ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నాకూ తెలీదు. నా గురించి నా ముందే మాట్లాడుకుంటుంటే వినడం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. ఏమీ బాగాలేదు. నేను అప్పుడే సగం పోయినట్టుంది.

లాడ్జికి తిరిగొచ్చి గదిలో ఫోను తెరిచి, డాక్టరు మాట కాదని, లో గొంతుతో రికార్డు మొదలుపెట్టాను. 'ప్రియమైన' అన్నాను, ఆగిపోయాను. తరువాతి మాట 'విద్యార్థులారా' అని నోటి దాకా వచ్చింది. ఇన్నేళ్ళ సంసారం, ఆవిడతో ఏ గొంతుతో మాట్లాడతానో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తుకి రాలేదు. ఫోను మూసేశాను.

శనివారం పొద్దున ఎనిమిదింటికల్లా మళ్ళీ గట్టు మీదున్నాను. మధ్యాహ్నం బండికి టికెట్ ఉంది. దోనె ఎక్కి చూద్దామనిపించింది. నిన్నటి మనిషే ముందుకొచ్చాడు. అసలు పేరు టీ బడ్డీ ఆవిడ పిలవడంలో తెలిసింది, ఇక్కడ మాత్రం నూకరాజంటాను. అరవై దగ్గర పడినవాడు, పొట్టిగా గట్టిగా ఉన్నాడు. నీళ్ళలో తడుస్తుందని ఫోనూ సంచీ ఆవిడ దగ్గరే ఉంచాను. కదలొద్దని అతను చేతులూపి, కళ్ళు పెద్దవి చేసి, నన్ను బెదిరించి మరీ కూర్చోబెట్టాడు.

నా వెనక నిలబడి, పొడుగాటి గెడతో అడుగుని నెడుతూ దోనె నడిపాడు. గట్టు దూరమయ్యాక మొదలుపెట్టాడు. నాతో అనుకున్నాను ముందు, కాదు, నా వీపు మీదుగా ఆ నీళ్ళతో మాట్లాడుతున్నాడు. తన భార్య గురించి. ఆవిడ కిందటేడు పట్నం ఆసుపత్రిలో పోయిందట. పోయేముందు ఆవిడ ఏమడిగిందో, తను ఏం చెయ్యలేదో చెప్పాడు. కొడుక్కి ఒకలా చెప్పాడట, నిజం ఇంకొకటి. ఇంతకుమించి ఇక్కడ రాయను. వినడానికి చెవులున్నాయని తెలిస్తే అతను నాకు చెప్పి ఉండేవాడు కాదు.

చెబుతూ చెబుతూ గెడ వెయ్యడం ఆపేశాడు. దోనె ఆకుల మధ్య నిలబడిపోయింది. వెనక అతను ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటూ అలా బొమ్మలా కూర్చోవడం నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగి అతని మోకాలి మీద చెయ్యి వెయ్యబోయాను. ఎక్కేముందు ఆ మనిషి అన్నిసార్లు బెదిరించింది అందుకే. దోనె ఒక పక్కకి ఒరిగింది, నేను నీళ్ళలో ఉన్నాను.

లోతు గుండెల దాకా ఉంటుందేమో, కాని కింద నేల లేదు, బురదే. నాచు కాళ్ళకి చుట్టుకుంది. లాక్కుంటున్నకొద్దీ ఇంకా లోపలికి దిగుతున్నాను. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అప్పుడు అరిచాను.

"ఓలమ్మో! నన్నొగ్గీకు! ఒగ్గీకు నన్ను!"

నన్ను వదిలేయొద్దని. ఆ మాట నేను విజయవాడ చేరాక ఒక్కసారి కూడా వాడలేదు. మా హాస్టల్లో మొదటి వారమే దాన్ని ఎగతాళి చేస్తే మానేశాను. పాఠం చెప్పే గొంతు కాదది. పుండుపడ్డ గొంతు చీరుకుపోతూ వచ్చిన అరుపు. చావడానికి సిద్ధమని ఇంట్లో అంత దర్జాగా చెప్పిన మనిషి, బురదలో దిగబడగానే వదిలేయొద్దని ఒక దోనె మనిషిని బతిమాలుకుంటున్నాడు. సిగ్గుపడే తీరిక లేదు. బతకాలి, అంతే.

నూకరాజు ఒక్క క్షణం అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ క్షణం నాకు చాలా పొడుగ్గా ఉంది. తరువాత గెడ నా చేతికందించి, చొక్కా పట్టి, ఎలా లాగాడో దోనె మీద పడేశాడు. అతని ముఖం నల్లబడిపోయింది. దోనె గట్టుకి ఆనాక, దిగనివ్వకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"నోరుంది నీకు," అన్నాడు. "సెవులూ ఉన్నాయి."

అరిచి తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మెల్లగా అన్నాడు. తన భయం నాకు అర్థమైంది. పది అడుగుల దూరంలో టీ బడ్డీ ఉంది. నేను రెండు మాటలంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, కొడుక్కీ తెలుస్తుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు పెడదామనుకున్నాను. నా ఒట్టు ఏ పాటిదో నాకు తెలుసు. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"డాకటేర్లు నా గొంతుక కోసేత్తారు," అన్నాను. "ఇంక మాట రాదు."

అనేదాకా ఆ నిర్ణయం నాకే తెలీదు. ముందు నాకు నేను వినబడ్డాను, అప్పుడు అర్థమైంది.

"ఎప్పుడికీనా?" అన్నాడు.

"ఎప్పుడికీ."

మెడ మీదున్న తన తువ్వాలు తీసి ఇచ్చాడు. "అయితే ఆ ఊసు నీకాడే ఉండిపోద్ది," అన్నాడు. అందులో జాలి లేదు. నిజానికి కాస్త నిమ్మళించాడు కూడా. నాకు కోపం రావాలి, రాలేదు.

టీ బడ్డీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఎవరో అరిచినట్టు వినబడిందే, ఎవరు, ఏమైంది అని అడిగింది. నేను నోరు మూసుకున్నాను. నూకరాజు నా వైపు చూడకుండా, "నానే అరిసేను. మూగోడు జారి పడిపోయేడు," అన్నాడు. ఆవిడ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడినీళ్ళిచ్చింది. బట్టలు ఆరేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం. నేను మూగవాడిగానే ఉన్నాను, వాళ్ళిద్దరూ చేపల ధర గురించి మాట్లాడుకున్నారు.

లాడ్జి ఖాళీ చేసి మధ్యాహ్నం బండి అందుకున్నాను. నా ఒళ్ళు నాచు వాసన కొడుతోందని పక్క సీటాయన లేచి వేరే చోటికి పోయాడు. బండి కదిలాక ఫోను తీసి రికార్డు నొక్కాను. ఏం చెప్పాలో తోచక, చిన్నప్పుడు ఈ లైన్లో బండెక్కితే చదివినట్టు, పసుపు బోర్డుల మీద పేర్లు పైకి చదువుతూ పోయాను. కశింకోట. బయ్యవరం. నర్సింగపల్లి. గొంతు బొంగురుగా, పీలగా ఉంది. ఎలమంచిలి దగ్గర పూర్తిగా పట్టేసింది, అక్కడితో ఆపేశాను. మా ఆవిడకి మిగిలేది ఆ నాలుగు స్టేషన్లే.

కొండకర్ల వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. పొద్దునే వెళ్ళండి, దోనెలో వెనక్కి తిరక్కండి. అక్కడ కూర్చుంటే మీలోపల ఏముందో తెలుస్తుందని హామీ ఇవ్వలేను. నాకైతే మొదటిరోజు ఏమీ కనబడలేదు. రెండోరోజు కనబడింది నాకు నచ్చలేదు, అయినా దాన్నే వెంటబెట్టుకుని వచ్చాను. ఆపరేషన్ తరువాత సంగతి డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం లేదు.

తుని దాటాక మా ఆవిడ ఫోను చేసింది. ఎత్తకూడదు, ఎత్తాను. డాక్టరుకి సరేనని చెప్పమని గుసగుసగా అన్నాను. అవతల ముక్కు చీదుకోవడం వినబడింది. తరువాత, ఇంతలో మనసెలా మారింది, అక్కడ ఏం జరిగిందో చెప్పమని అడిగింది. మామూలుగా నేను పూసగుచ్చినట్టు చెబుతాను, ఆవిడ వంట చేసుకుంటూ వింటుంది. దోనె, నూకరాజు, అతని భార్య, అంతా నాలిక చివర ఉంది. చెబితే ఆవిడతో నా గొంతుతో చెప్పే ఆఖరి కథ అదే అవుతుంది.

"ఏటీ నేదు," అన్నాను.

ఆవిడతో నేను దాచిన మొదటి సంగతి అది.