మునిరత్నం మొక్కు జుట్టు

ఏళ్ల తరబడి గుండెల మీద బండ పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నామీద నాకే ఒళ్లు మండిపోతోంది.

మాది చిత్తూరు, బెల్లం మండీ నడుపుతాను. మునిరత్నం నగరిలో మరమగ్గాలు నడుపుతాడు. చిన్నప్పటి నుంచీ స్నేహితులం. వాడికి పోకర్ పేకాట నేర్పింది నేనే. ఏడాది తిరక్కముందే వాడు నన్ను మించిపోయాడు. సంతోషించానా? లేదు. పైకి వీపు తట్టి, లోపల కుళ్లుకున్నాను.

గోవాలో పెద్ద పోటీ అంటే ఇద్దరం బయలుదేరాం. ఇందులో గెలవకపోతే మళ్లీ పేక ముట్టనని మునిరత్నం తన భార్యకు మాటిచ్చాడు. అంతకుముందు కూతురికి జబ్బు చేస్తే, తగ్గితే తిరుమలలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. పిల్ల కోలుకుంది. జుట్టు భుజాల దాకా పెరిగింది. ముందు కొండకెళ్లి ఇచ్చి రమ్మని భార్య పోరింది. గెలిచొచ్చి, గెలిపించినందుకు దండం కూడా కలిపి పెట్టుకుంటానని వీడు వాయిదా వేశాడు.

రెండో రోజు మా బల్ల దగ్గరికి ఆయన వచ్చాడు. పేరు చెప్పను. హైదరాబాదు మనిషి, దేశమంతా తెలిసిన ఆటగాడు. మేమిద్దరం ఆయన వీడియోలు చూసే ఆటకు పదును పెట్టుకున్నాం. అంతటివాడు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు! విరామంలో మునిరత్నం ఇంటికి ఫోన్ చేయడానికి బయటికెళ్లాడు. ఆయన నాతో మాట కలిపాడు.

“మీ ఫ్రెండ్ జుట్టు భలే ఉందండీ. స్టైలా?”

“స్టైలూ లేదు, ఏమీ లేదు సార్. తిరుమల మొక్కు. ఆట అయినాక ఇస్తానంటా ఉండాడు.”

“అందుకేనా మాటిమాటికీ చెవి వెనక్కి తోసుకుంటున్నాడు?”

అక్కడ నవ్వి ఊరుకోవచ్చు. ఆయన అంతకు మించి అడగలేదు. అడగలేదండీ!

“మాటిమాటికీ కాదు సార్. చేతిలో మంచి ముక్కల్లేకుండా పెద్ద పందెం కాసి బెదిరించేటప్పుడే వాని చెయ్యి జుట్టు మీదికి పోతాది. ఆ సంగతి వానికే తెలీదు.”

ఆయన నా భుజం తట్టాడు. ఆ ఒక్క తట్టు కోసం స్నేహితుణ్ణి అమ్మేశాను. థూ!

మునిరత్నం వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి తన పందెం బిళ్లలు, ఆ చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. మొహంలో బెరుకు లేదు, కళ్లలో తొణుకు లేదు. చెయ్యి మాత్రం జుట్టు మీదికి వెళ్లింది. హైదరాబాదు ఆయన తన ముక్కల వంక కూడా చూడలేదు. నావైపు ఒకసారి చూసి, పందెం ఒప్పుకున్నాడు. ముక్కలు తిప్పితే వాడి చేతిలో ఏమీ లేదు; మునిరత్నం ఆట అక్కడితో ముగిసింది.

ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! కానీ ఆయన చేసిందేముంది? చెప్పినవాణ్ణి నేను.

తిరుగు రైల్లో మునిరత్నం కిటికీలోంచి చూస్తూ ఒకటే అన్నాడు. “సామికి ఇస్తానన్నది ఇయ్యకుండా ఆటకొచ్చినాను గదరా. ఊరుకుంటాడా?”

అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. పైగా “అవునప్పా” అన్నాను. నా పాపాన్ని తీసుకెళ్లి ఏడుకొండలవాడి నెత్తిన పెట్టాను.

మాట ప్రకారం వాడు పేక మానేశాడు. మానడం కాదు నన్ను తినేసేది. తనకు బాగా వచ్చిన ఒకే ఒక్క పనిని దేవుడే వద్దన్నాడని నమ్మాడు. అప్పటి నుంచీ ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కి గుండు చేయించుకుంటాడు, తప్పు క్షమించమని. తోడు ఎవరనుకున్నారు? నేనే. మోకాళ్లు పట్టేసి వాడు మెట్టు మీద కూలబడితే నీళ్లు తాగించేదీ నేనే. సిగ్గులేదూ నాకు?

ఈసారి కల్యాణకట్టలో తడి గుండు తుడుచుకుంటూ వాడు నన్నడిగాడు. “ఇంకా కోపం పోలేదంటావా సామికి?”

వాడి భుజాల మీద మిగిలిన వెంట్రుకలు దులిపాను.  వాడికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మునిరత్నం మీద స్వామికి ఏనాడూ కోపం లేదు. వాణ్ణి ఓడించింది నేను.