గౌరి తన్నలే

హైదరాబాదు కార్వాన్ల మా కొట్టంల బర్రెలకు నేనే పాలు పిండుత. పెండ ఎత్తుడు, దాణా తెచ్చుడు, ఇండ్లల్ల పాలు పోసుడు, అన్నీ నేనే. నోరు సుత నాకు మస్తు. నీళ్ళు కలిపినవని ఎవరన్నా అంటే, గా పాలు వాళ్ళ గడపల్నే ఒంపేస్త. గసొంటి ఈ యశోద నోరు దాణా దుకాణం గుండయ్య ముంగట పడిపోయింది.

మా అత్త ఈడోడు గుండయ్య. తౌడు సంచి నెత్తిన పెడ్తున్నట్టు చేసి నా నడుం మీద చెయ్యేసిండు. నా రెండు చేతులు సంచి మీదున్నయి. వదిలితే తౌడంతా రోడ్డు పాలు. ఛీ, గంత లొల్లి చేసే మనిషిని, మొద్దు లెక్క నిలబడ్డ. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకున్న, అయినా సిగ్గు పోలే. తప్పు వాడు చేస్తే సిగ్గు నాకేందో!

మా బస్తీ కమ్యూనిటీ హాల్ల మైథిలి మేడం ఆదివారాలు ఆడోళ్ళకు కిక్‌బాక్సింగ్ నేర్పిస్తది. గుంటూరు దిక్కు మనిషి, ఆఫీసుల నౌకరీ. నడుం నొప్పికి కసరత్తు అని మా అత్త సుశీలమ్మకు చెప్పి నేను సుత చేరిన.

పిడికిలి పట్టుమంటే అందరూ నన్నే చూసిర్రు. "యశోద గారూ, బొటనవేలు లోపల పెట్టారేంటి? అలా కొడితే విరుగుతుంది. బయట, వేళ్ళ మీదికి తీసుకురండి" అన్నది మేడం.

ఏం జేయాలె? పాలు పిండేటప్పుడు మేం బొటనేలు మడిచి చన్నుకు ఆనిచ్చి పిండుతం. చిన్నప్పటి సంది నా చేతికి గదే అలవాటు. చూపుడువేలు, నడిమివేలు కణుపులే తగలాలె, మణికట్టు వంగొద్దు, రెండో చెయ్యి గదుమ కాడ ఉండాలె, మడమ, నడుం తిప్పితే బలం రావాలె. అన్నీ వచ్చినయి. జర ఏమరిస్తే బొటనేలు మాత్రం మళ్ళ లోపలికే. పక్కన పోరీలు కిసుక్కుమంటే మస్తు నామోషీ అయ్యేది.

మొన్న తౌడుకు పోతే గుండయ్య మళ్ళ చెయ్యేసిండు. సంచి కింద పడేసిన. మడమ తిప్పిన, నడుం తిప్పిన, సీదా ముక్కు మీద గుద్దిన. వాడు సంచుల మీద కూలబడ్డడు. నా చేతిల టక్కుమన్నది. బొటనేలు లోపల్నే ఉండె!

చేతికి పట్టీతోని ఇంటికొస్తే అత్తమ్మ, "ఏమైందే?" అన్నది.

"గౌరి తన్నింది." నోటికి గదే వచ్చింది, అనేసిన.

గౌరి మా బర్రెలన్నిట్ల మెత్తనిది. పిల్లలు తోక గుంజినా కదలది. అత్తమ్మ మాత్రం, "తన్నుడు మరిగిన బర్రె ఇంట్ల ఉండొద్దు" అని తెల్లారే బేరగాన్ని పిలిపిచ్చింది. తన్నే బర్రెను పాలకు ఎవ్వరూ కొనరు. ఎటు పోతదో నాకెర్కే.

వాడు పలుపు విప్పుతుంటే నా పానం ఆగలే. "ఆగు భాయ్! అది తన్నలే!" అని అడ్డం పోయిన. అత్తమ్మ మొకం చూడనీకి మనసొప్పక గౌరి మెడ పట్టుకొని చెప్పిన. "ఒకడు నా మీద చెయ్యేసిండు అత్తమ్మా. నేనే గుద్దిన. చెప్పనీకి సిగ్గై బర్రె మీద పెట్టిన."

ఇగ తిడ్తదనుకొని తల వంచుకున్న. అత్తమ్మ బేరగాన్ని పొమ్మన్నది. వాడు గేటు దాటినంక మెల్లగ అడిగింది, "గుండయ్యనా?"

నేను పేరే చెప్పలే.

"నీకెట్ల ఎర్క?"

"గా దుకాణం పోవుడు నేనెందుకు బంద్ చేసిననుకున్నవ్?"

మోకాళ్ళ నొప్పులని చెప్పి దాణాకు నన్ను తోలింది గీమెనే! నా ఒళ్ళు భగ్గుమన్నది. "గంత తెల్సి నన్నెట్ల తోలినవ్ అత్తమ్మా?"

ఆమె కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని గౌరి కాళ్ళ కాడ పెండల్నే కూలబడ్డది.

"చెప్పనీకి సిగ్గైంది బిడ్డా" అన్నది.