నలుపొస్తే నవ్వమంది

మా అమ్మాయి ఈ చలికాలం మొదట్లో పోయింది. మీలో చాలామందికి తెలుసు, గిన్నెలతో కూరా చారూ తెచ్చి మా ఫ్రిజ్ నింపింది మీరే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ప్లెయిన్స్‌బరోలో ల్యాబ్‌లో పని చేసుకుంటూ, తలనొప్పిగా ఉందని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ఆ ఫోను వచ్చేసరికి నేను ఇక్కడ పార్సిప్పనీలో, మా వంటింట్లో, పులిహోరకి నిమ్మకాయలు కోస్తున్నాను. దాని కత్తితోనే కోస్తున్నాను.

ఆ రోజు గురించి ఇంతకంటే రాయను. మన తెలుగువాళ్ళ పత్రికకి నాలుగు మాటలు రాసివ్వమని అడిగితే, ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఏం రాస్తానని కూర్చున్నాను. మా ఆయన, "దాని కత్తి సంగతి రాయి. చదివి నలుగురూ నవ్వుతారు. ఏడిపిస్తే అది ఊరుకోదు" అన్నారు. నిజమే. అది ఊరుకునే రకం కాదు.

అయిదేళ్ళప్పుడు వచ్చింది ఈ అమెరికాకి. తెలుగు బాగానే మాట్లాడేది గానీ సగంలో ఇంగ్లీషులోకి జారిపోయేది, నేను కళ్ళెర్రజేస్తే మళ్ళీ వెనక్కి వచ్చేది. మందుల కంపెనీలో ల్యాబ్‌లో ఉద్యోగం. శనాదివారాలు వస్తే కొండలెక్కడం. పెళ్ళి మాటెత్తితే చాలు, కారు తాళాలు చేతిలోకి వచ్చేవి. "అమ్మా, నేను వెళ్ళి ఒక కొండ చూసుకుని వస్తా" అనేది. సంబంధం చూడ్డానికి వెళ్ళినట్టే చెప్పేది.

ఆ కొండల కోసమే పోయిన ఏడాది ఉగాదికి ముందు ఒక మడత కత్తి కొనుక్కుంది. అరచేతిలో పట్టేంత. చెక్క పిడి, మడిస్తే ఆ పిడిలోకి వెళ్ళిపోతుంది. తీస్తే అద్దమే. మా ఆయన అందులో చూసుకుని మీసం దువ్వుకున్నారు కూడా.

ఉగాది పొద్దున్నే వచ్చింది, కొత్త కత్తి పట్టుకుని. "పచ్చడికి మామిడికాయ నేనే కోస్తా" అంది. కోసింది. మరి కాస్త సన్నగా తరుగుదామని నేను చెయ్యి చాపితే, కత్తి నా చేతిలో పెట్టబోయింది. నేను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చేతికివ్వకూడదు. బల్ల మీద పెట్టు, నేను తీసుకుంటాను."

"వై?"

"కత్తి చేతికిస్తే గొడవలొస్తాయి."

"మనకి రోజూ వస్తాయి కదా అమ్మా. మనం ఎప్పుడు ఇచ్చుకున్నాం?"

 అది కత్తి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, హోటల్లో వడ్డించే మనిషిలా తల వంచి, "తీసుకోండి మేడం" అంది. ఆ రోజు నుంచీ అదొక అలవాటయింది. కత్తే కాదు, ఉప్పు డబ్బా అడిగినా అంతే, పెట్టడం, తల వంచడం, తీసుకోండి మేడం.

తరిగి, కత్తి అక్కడే వదిలేసి పిండి కలుపుకుంటున్నాను. అది తలస్నానానికి వెళ్ళింది. కాసేపటికి కత్తి వైపు చూశాను. అద్దంలా ఉన్న కత్తి, దెబ్బ తగిలి కమిలిన చర్మంలా నీలంగా, నల్లగా అయిపోయింది. ఏడాదిలో మొదటి పండగ. పిల్ల ముచ్చటపడి కొనుక్కున్న వస్తువు.

"ఏమండీ, ఇటు రండి. కత్తి నల్లబడింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మోసం. పైన ఏదో పూత పూసి అంటగట్టారు. దీని డబ్బా ఏదీ? రిటర్న్ చేసేద్దాం" అన్నారు. ఈ దేశంలో ఆయనకి నచ్చినది అదొక్కటే, వాడిన వస్తువు కూడా తిరిగి పుచ్చుకుంటారని. డబ్బా వెతకడానికి వెళ్ళారు.

నాకు తిరిగిచ్చేదాకా ఆగడం ఎందుకనిపించింది. పచ్చడికి నానబెట్టిన చింతపండు పక్కనే ఉంది. దేవుడి దగ్గర ఇత్తడి కుందులు ఎంత నల్లబడినా చింతపండూ ఉప్పూ వేసి ఒక్కసారి రుద్దితే బంగారంలా వస్తాయి కదా, ఈ కాస్త కత్తి ఎంత. బాగా రుద్దాను. పోలేదు. సరే నాననిద్దామని చింతపండు గుజ్జు మొత్తం పట్టించి పక్కన పెట్టాను. కడిగి చూస్తే పిడి దగ్గర బొగ్గులా ఒక పెద్ద మచ్చ.

డబ్బాతో వచ్చిన మా ఆయన చూసి, "తోమావా, తగలబెట్టావా?" అన్నారు.

అదిగో అప్పుడొచ్చింది మా అమ్మాయి, తలకి తువ్వాలు చుట్టుకుని. కత్తిని చూసింది. నా చేతులకున్న చింతపండు చూసింది. ఒక కాలికి బూటు వేసుకుని డబ్బాతో నిలబడ్డ వాళ్ళ నాన్నని చూసింది.

"అమ్మా, నువ్వు దీనికి పులిహోర చేశావా?"

అంతే, ఫ్రిజ్‌కి ఆనుకుని నవ్వుతూ నవ్వుతూ కిందికి జారి నేల మీద కూర్చుండిపోయింది. తువ్వాలు ఊడిపోయింది. నాకు ఏడుపొస్తుంటే అది కడుపు పట్టుకుంది.

నవ్వు ఆగాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఇది పాడవలేదు అమ్మా. ఇది స్టెయిన్‌లెస్ కాదు. పులుపు తగిలితే ఇలాగే అవ్వాలి. ఈ నలుపు దీనికి కోటు. కోటు ఉంటే రస్ట్ తొందరగా రాదు."

"తెల్లగా ఉండేదే కొనుక్కోవచ్చుగా?"

"నాకు రంగు మారేదే కావాలి. అందుకే కొన్నా."

"కొత్తదాన్ని పాతది చేసుకోవడం ఎక్కడైనా ఉందా?"

అది లేచి వెళ్ళి, సింకు కింద నుంచి నా కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది. మా అమ్మ ఇచ్చింది, బట్టల మధ్య చుట్టుకుని తెచ్చుకున్నాను. "మరి ఇదెందుకు నల్లగా ఉంది?"

"అది ఎప్పుడూ అంతే."

"కొన్నప్పుడు కూడానా?"

నేను ఆలోచించాను. మా అమ్మ సంతలో అది కొన్న రోజు నాకు గుర్తే. ఎండలో మెరుస్తుంటే నా మొహం చూసుకుని తిట్లు తిన్నాను. ఆవకాయ కాయలన్నీ దాని మీదే తరిగేది మా అమ్మ. ఎప్పుడు నల్లబడిందో ఎవరమూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ నలుపుతో వండుకు తిని, కూతురి కత్తి నల్లబడిందని చింతపండు పట్టించాను.

ఆ కత్తిపీట అడుగున మాత్రం ఎర్రగా తుప్పు ఉంది. అది మా అమ్మాయికి నచ్చలేదు. "ఇది బ్యాడ్. నలుపు ఫ్రెండ్, ఎరుపు కాదు" అంది. పండగ పూట కూర్చుని దాన్ని బాగుచేసింది. నా కొబ్బరినూనె సీసా అడిగింది. సీసాలో నూనె గడ్డకట్టి ఉంటే వేడినీళ్ళలో పెట్టి కరిగించింది. నాలుగు చుక్కలు తుప్పు మీద వేసి ఊరుకుంది. ఎంతకీ రుద్దదు. నేను పీచు తీసుకుంటే చేతిలోంచి లాగేసింది. "రుద్దడం తక్కువ, ఆగడం ఎక్కువ అమ్మా." కాసేపయ్యాక మెత్తని పాత గుడ్డతో మెల్లగా తుడిచింది. ఎరుపు గుడ్డకి వచ్చింది, నలుపు ఇనుముకి ఉండిపోయింది.

చిన్నప్పుడు నూనె సీసా చూస్తే మంచం కిందికి దూరేది. "నీ తలకి చుక్క రాయనివ్వలేదు, ఇప్పుడు కత్తిపీటకి తలంటుతున్నావా?" అన్నాను. "ఇది స్కూలుకి వెళ్ళదు కదా, ఎవరూ నవ్వరు" అంది. ఆ మాట నవ్వుతూనే అంది. అంత చిన్న పిల్ల బడిలో ఏం పడిందో నాకు అప్పుడు తెలిసింది. మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఆ తడి తల మీద కాస్త నూనె పెట్టాను. ఊరుకుంది.

వెళ్ళేటప్పుడు కత్తిపీట గురించి నాకు పాఠం చెప్పింది. "నలుపొస్తే నవ్వు. నీలం వస్తే ఫొటో పంపు. ఎరుపొస్తే మాత్రం నాకు కాల్ చెయ్యి."

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆ కత్తి తీసి చూపించేది, ఎక్కడికెళ్ళొచ్చిందో అందులోనే చెప్పేది. ఈ నీలం ఉగాది మామిడికాయ. ఈ బూడిద రంగు చారలు ఆపిల్ తోటలో చెట్టు కింద కూర్చుని కోసుకు తిన్నవి. ఈ మూల చుక్కలు కొండ మీద ఎవరో పెద్దాయనకి నారింజ ఒలిచి ఇచ్చినప్పటివి. పిడి దగ్గర చింతపండు మచ్చకి 'అమ్మ మచ్చ' అని పేరు పెట్టింది. మా ఆయన ఒకసారి, "ఆ ఒక్కటీ తీసేయరాదూ, అసహ్యంగా ఉంది" అంటే, "నాన్నా, అన్నింట్లో అదే బెస్ట్. అది తీస్తే నేను కత్తి రిటర్న్ చేసేస్తా" అంది.

ఆకులు రాలే రోజుల్లో స్నేహితురాలి పెళ్ళికి విమానంలో వెళుతూ మా ఇంటికి వచ్చింది. కత్తి బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. "ఫ్లైట్‌లో రానివ్వరు. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటా. అప్పటిదాకా వాడుతూ ఉండు, లేకపోతే దానికి బోర్ కొడుతుంది. తీసుకోండి మేడం." తీసుకున్నాను. వాడుతూనే ఉన్నాను. అందుకే ఆ రోజు నిమ్మకాయలు దానితో కోస్తున్నాను.

తర్వాత కొన్నాళ్ళు వంటింట్లో ఏది ఎక్కడుందో నాకు తెలియదు. వచ్చినవాళ్ళే వండారు, కడిగారు, సర్దారు. ఎవరో పుణ్యాత్మురాలు ఆ కత్తి కూడా కడిగి, మడిచి, సొరుగులో పెట్టింది. తడితోనే మడిచింది, ఆమెకేం తెలుసు. మంచు కరిగాక ఒక రోజు గరిటె కోసం సొరుగు తీస్తే కనిపించింది. తెరవబోతే బిగుసుకుపోయింది. బలవంతంగా తీశాను. కత్తి పొడుగునా ఎర్రటి చుక్కలు.

ఎరుపొస్తే కాల్ చెయ్యమంది. నా చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది కూడా.

అలా నిలబడిపోయిన నన్ను చూసి మా ఆయన వచ్చారు. కత్తి చూశారు. సింకు దగ్గరున్న పచ్చ పీచు తీసుకుని, "ఇటు పెట్టు. మొత్తం గీకేసి కొత్తదానిలా చేసేస్తాను" అన్నారు.  ఏదో ఒకటి బాగుచేయాలని ఉంది ఆయనకి, ఆ ఇంట్లో బాగుచేయడానికి వీలైంది అదొక్కటే.

"కొత్తది చేస్తే ఆపిల్ తోట పోతుంది" అన్నాను. "నారింజ పోతుంది. అన్నీ పోతాయి."

"తుప్పు పట్టి పోనిస్తావా మరి?"

"మీరు ఆ పీచు కింద పెట్టండి."

"నీకు వచ్చా?"

"చూశానుగా. రుద్దడం తక్కువ, ఆగడం ఎక్కువ."

"మీ ఇద్దరికీ నేను చేసింది ఏదీ నచ్చదు" అని పీచు పెట్టేసి, ఆయనే వెళ్ళి కొబ్బరినూనె సీసాని వేడినీళ్ళలో పెట్టారు.

చుక్కచుక్కగా వేశాను. మడత దగ్గర సందులో చెవి పుల్లతో రాశాను. ఆగాము. ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయన రెండుసార్లు గుడ్డ పట్టుకున్నారు, రెండుసార్లూ కోప్పడ్డాను. మూడోసారి ఆయనే, "ఆగడం ఎక్కువ, తెలుసు" అన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినడం అదే మొదలు, మాకే వింతగా ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా అమ్మాయి పాత బనీను గుడ్డతో మెల్లగా తుడిచాను. ఎరుపు గుడ్డకి వచ్చింది. కింద నుంచి నీలం వచ్చింది. బూడిద చారలు వచ్చాయి. మూల చుక్కలు వచ్చాయి. అమ్మ మచ్చ ఎక్కడికీ పోలేదు, బొగ్గులా అక్కడే ఉంది. కొత్తది ఒకటి కనిపించింది, మధ్యలో, నిమ్మగింజంత. ఆ రోజు నిమ్మరసం ఆరిపోయిన చోటు. మా ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తియ్యమనలేదు.

ఈ ఏడాది మాకు పండగ లేదు. కానీ మన కొట్లోకి పచ్చి మామిడికాయలు వచ్చాయని తెలిసి, పప్పులోకి ఒకటి తెచ్చుకున్నాం. ఆయన సొరుగులోంచి కత్తి తీశారు. నేను అలవాటుగా చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, నెరిసిన తల వంచి నిలబడ్డారు.

"తీసుకోండి మేడం."

తీసుకుని కోశాను. కాయ మంచి పులుపు. మామూలుగా వెంటనే తుడిచేయాలి, తుడవలేదు. పప్పు ఉడుకుతుంటే కత్తిని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, చెరో పక్కన కూర్చున్నాం. ఎక్కడైతే ఇంకా తెల్లగా మిగిలి ఉందో అక్కడ, చివర్న, నీలం మెల్లగా మొదలైంది.